స్పైడర్‌మ్యాన్ బొమ్మల సినిమాలో రంగు పక్కకి జరగడం కావాలనే చేశారు, సరే. ఆ కుర్రాడు అదుర్లుగా కదలడం కూడా కావాలనేనా?

ప్రెస్సు బాబాయ్, విజయనగరం:

అందరికీ నమస్కారం. విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర చిన్న ఆఫ్‌సెట్ ప్రెస్సు నడుపుతున్నాను. శుభలేఖలు, బిల్లు పుస్తకాలు, స్కూళ్ల ప్రోగ్రెస్ కార్డులు, పైడితల్లమ్మ పండగొస్తే సిరిమాను పోస్టర్లు వేస్తాం. ఫ్లెక్సీలు వచ్చాక సగం పని పోయింది, అది వేరే ఏడుపు. సినిమాల గురించి ఎప్పుడూ ఎక్కడా రాసింది లేదు. ఒక అనుమానం తీరక ఇప్పుడు రాస్తున్నాను.

సిరిమాను హడావుడి తగ్గాక మొన్న ఆదివారం మా గుంటడు పట్టుబట్టి 'స్పైడర్‌మ్యాన్: ఇన్‌టు ద స్పైడర్-వర్స్' పెట్టాడు. 2018లో వచ్చిన సినిమా, ఆస్కార్ కూడా కొట్టిందట. వాడు ఎనిమిదో తరగతి, ఇవన్నీ వాడికి కంఠతా వచ్చు. నేను మామూలుగా ఇలాంటివి పేపర్ చదువుకుంటూ ఓ కన్నేసి చూస్తాను. దీనికి మాత్రం పది నిమిషాలకే పేపర్ పక్కన పడేసి, లేచి టీవీ దగ్గరికి పోయి నిలబడ్డాను. "నాన్నా, అడ్డు లెగు" అని ఒకటే గోల.

ఎందుకు లేచానంటే, కొత్తగా స్పైడర్‌మ్యాన్ అయ్యే మైల్స్ అనే కుర్రాడి మొహం మీద చుక్కలు కనిపించాయి. నీడ పడాల్సిన చోట ముదురు రంగు పూసి ఊరుకోలేదు, చుక్కలు పెట్టారు. మేం దాన్ని స్క్రీన్ అంటాం. పేపర్లో ఏ ఫొటో అయినా భూతద్దం పెట్టి చూడండి, చుక్కలే. చుక్క పెద్దదైతే ముదురు, చిన్నదైతే లేత. ఆ చుక్క కంటికి కనబడకూడదని నేను వయసంతా తంటాలు పడుతుంటే, వీళ్లు కోట్లు పోసి కనబడేలా పెట్టారు!

తరవాత రంగులు. మాది సింగిల్ కలర్ మెషీన్. నాలుగు రంగుల పనికి కాగితం నాలుగుసార్లు లోపలికి పోవాలి. పసుపుకో ప్లేటు, మెజెంటాకో ప్లేటు, సయాన్‌కో ప్లేటు, నలుపుకో ప్లేటు. నాలుగూ ఒకదాని మీద ఒకటి వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చోవాలి. వానాకాలంలో కాగితం తేమ పీల్చి సాగుతుంది. మొదటి రంగు వేసి, రెండో రంగు ఎక్కించేసరికి పక్కకి పోతుంది. దేవుడి బొమ్మకి పెదవి ఒకచోట, పెదవి ఎరుపు ఇంకోచోట. రిజిస్టర్ అవుట్ అయిందంటాం. శుభలేఖలో అలా వస్తే ఆ కట్ట మన మొహాన కొట్టి పోతారు. సినిమాలో వెనకున్న కార్లు, షాపుల బోర్డులు అచ్చం అలాగే ఉన్నాయి. ఎరుపు ఒకపక్కకి, నీలం ఒకపక్కకి. పక్కనే కూర్చున్న మా బావమరిది "టీవీ పోయినట్టుంది బావా, వారంటీ ఉందేటి?" అన్నాడు.

టీవీ పోలేదని నాకు తెలుసు. ముందున్న మనిషి మొహం మీద రిజిస్టర్ కరెక్టుగా కూర్చుంది. వెనకే తప్పింది. మెషీన్ చేసే తప్పు అలా చోటు చూసుకుని రాదు, కాగితం అంతా వస్తుంది. కాబట్టి ఇది తెలిసినవాడి పని.

నాకు అందనిది కదలిక. సినిమా సగంలో ఆ కుర్రాడూ, పీటర్ అనే పాత స్పైడర్‌మ్యాన్ పెద్దాయనా అడవిలో చెట్లు పట్టుకుని ఊగుతూ పారిపోతారు. పెద్దాయన నున్నగా పోతున్నాడు. కుర్రాడు టక్కు టక్కున అదుర్తూ పోతున్నాడు. ఇద్దరూ ఒకే షాట్‌లో ఉన్నారు కనక నెట్ స్లో అనుకోడానికి లేదు. పోనీ కుర్రాడు మొత్తం అదురుతున్నాడా అంటే అదీ లేదు. కొంతసేపు జారినట్టు పోతాడు, మళ్లీ అదురుతాడు. ఇదీ కావాలని చేసిందేనా, మా టీవీ కూడా చెయ్యి వేసిందా? తెలిసినవాళ్లు చెప్పండి.

రెండో భాగం 'అక్రాస్ ద స్పైడర్-వర్స్' కూడా అదే రాత్రి చూశాం. నాకైతే మొదటిదే నచ్చింది. రెండోదానికి కళ్లు లాగేశాయి. మీ అభిప్రాయాలూ రాయండి, మావాడితో వాదించడానికి పనికొస్తాయి.

పలాస కుర్రోడు:

బాబాయ్, నమస్తే. మాది పలాస. ఇప్పుడు హైదరాబాద్‌లో యానిమేషన్ పనిలో ఉన్నాను. మీరు పట్టుకున్న అడవి సీన్ మా క్లాసులో మాకు పాఠం. కాలేజీలో ఎవరూ చెప్పకుండా మీరు టీవీ ముందు నిలబడి పట్టేశారంటే దండం పెట్టాలి.

సినిమా అంటే సెకనుకి 24 ఫ్రేములు. 24కీ 24 కొత్త భంగిమలు ఇస్తే కదలిక నున్నగా వస్తుంది, దాన్ని ఆన్ వన్స్ అంటాం. ఒక్కో భంగిమని రెండు ఫ్రేముల పాటు అలాగే ఉంచితే సెకనుకి 12 అవుతాయి, అది ఆన్ టూస్. అడవిలో పీటర్ ఆన్ వన్స్, మైల్స్ ఆన్ టూస్. పెద్దాయనకి ఏళ్ల అనుభవం, కుర్రాడికి దారం వదలడం అప్పుడే వస్తోంది. వాడికి పని రాదని డైలాగ్‌లో చెప్పకుండా ఫ్రేముల్లో చెప్పారు. వాడికి పట్టు దొరికేకొద్దీ కదలిక కూడా నున్నబడుతుంది. చివర్లో ఎత్తు బిల్డింగ్ మీంచి దూకే షాట్ మళ్లీ చూడండి. భయానికి వాడి వేళ్లు అద్దానికి అతుక్కుపోయి ఉంటాయి. దూకేటప్పుడు అద్దం పెంకులు వేళ్లతో పాటు ఊడి వస్తాయి. భయం పోయి దూకలేదు, భయంతోనే దూకాడు. కెమెరాని తలకిందులు చేశారు కాబట్టి కింద పడుతున్నవాడు పైకి లేస్తున్నట్టు కనిపిస్తాడు.

మీ రిజిస్టర్ సంగతి కూడా నిజమే. మామూలు యానిమేషన్ సినిమాల్లో వెనకున్నది కెమెరాలోలాగా మసకబారుతుంది. ఇక్కడ మసక వద్దనుకుని, పాత కామిక్ పుస్తకాల్లో అచ్చు తప్పినట్టు రంగులు విడదీశారు. వేగంగా కదిలేటప్పుడు వచ్చే మసక కూడా తీసేశారు. మైల్స్‌ని సాలీడు కుట్టాక వాడి మనసులో మాటలు డబ్బాల్లో తెర మీద రావడం మొదలవుతుంది, గమనించారా? అంతకుముందు ఉండవు.

ఇక మీ టీవీ. అదీ చెయ్యి వేసింది! కొత్త టీవీల్లో రెండు ఫ్రేముల మధ్య లేని ఫ్రేములు టీవీయే సొంతంగా తయారుచేసి అతికిస్తుంది. క్రికెట్‌కి బాగుంటుంది గానీ ఇలాంటి సినిమాకి దరిద్రం. ఒకే భంగిమ రెండు ఫ్రేములు ఆగి ఉండేసరికి దానికి లెక్క కుదరక కాసేపు జారుస్తుంది, కాసేపు వదిలేస్తుంది. పిక్చర్ సెట్టింగ్స్‌లో మోషన్ అని ఉంటుంది. ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టింది, మోషన్‌ఫ్లో అనో, ట్రూమోషన్ అనో. దాన్ని ఆపేసి అడవి సీన్ ఒక్కటి మళ్లీ చూసి చెప్పండి.

రెండో భాగం నచ్చలేదంటే మాత్రం ఒప్పుకోను. అందులో మన దేశపు స్పైడర్‌మ్యాన్ పవిత్ర్ ప్రభాకర్ ఉండే ముంబట్టన్ (ముంబై, మాన్‌హట్టన్ కలిపిన ఊరు) బొమ్మలకి మన పాత ఇంద్రజాల్ కామిక్స్ చూసి రంగులు ఎంచుకున్నారు. ప్రింటింగ్ మనిషి అయ్యుండి మీరు దాన్నెలా వదిలేశారు?

నాగావళి ఒడ్డు, శ్రీకాకుళం:

అన్నయ్య గారూ, నాకు ఫ్రేముల లెక్క తెలీదు, నేను హైస్కూల్లో సోషల్ చెప్తాను. మా అమ్మాయి గోల భరించలేక 2023 జూన్‌లో రెండో భాగానికి విశాఖ వెళ్లాం. మన దేశంలో ఒకేసారి పది భాషల్లో వదిలారు, తెలుగులోనే చూశాం. రెండు గంటల ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి, సరిగ్గా పట్టు మీద ఉన్నప్పుడు "సశేషం" అన్నారు. హాల్లో సగం మంది లేవలేదు, ఇంకా ఏదో వస్తుందనుకుని! సీరియల్ వాళ్లు కూడా శుక్రవారం ఆపినా సోమవారం వస్తారు. మూడోది మొదట 2024 మార్చి అన్నారు, ఇప్పుడు 2027 జూన్ అంటున్నారు. టికెట్ డబ్బులు మొత్తం తీసుకుని కథ సగం చెప్పడం నాకు నచ్చలేదు, ఇప్పటికీ నచ్చలేదు.

అయినా రెండోదే గొప్పదంటాను. గ్వెన్ అనే అమ్మాయి కోసం. తండ్రి పోలీసు కెప్టెన్. కూతురే సాలీడు ముసుగులో తిరుగుతోందని తెలీక ఆమెనే వేటాడతాడు. తెలిసిన రోజు తుపాకీ ఎత్తిన చెయ్యి వెంటనే దించలేకపోతాడు. చాలా తరవాత ఆ పిల్ల ఇంటికి తిరిగొచ్చి తండ్రితో మాట్లాడుతుంటే వెనక గోడలు గోడల్లా ఉండవు. నీళ్ల రంగులు తడిమీద కారినట్టు కారిపోతూ, వాళ్ల మాట మారినప్పుడల్లా మారిపోతుంటాయి. మా అమ్మాయి అప్పటికి ఆర్నెల్లుగా నాతో ముక్తసరిగా మాట్లాడుతోంది, పదో తరగతి మార్కుల దగ్గర గొడవ. ఆ సీన్లో నా వైపు చూడలేదు గానీ పాప్‌కార్న్ డబ్బా నా ఒళ్లో పెట్టింది.

మీకు కళ్లు లాగి ఉంటాయి, కాదనను. రెండూ ఒకే రాత్రి చూస్తే ఎవరికైనా లాగుతాయి.

ఎత్తు బ్రిడ్జి, విజయనగరం:

బాబాయ్, చుక్కలూ ఫ్రేములూ అన్నీ బావున్నాయి గానీ, సినిమా చూడ్డానికి ఇంత చదువు కావాలా? నాకైతే బొమ్మల సూపర్‌హీరో సినిమా అంటే 2004లో వచ్చిన 'ది ఇన్‌క్రెడిబుల్స్'. బలశాలి హీరో ఇన్సూరెన్స్ ఆఫీసులో ఇరుకు టేబుల్ దగ్గర కూర్చుని క్లెయిములు చూస్తుంటాడు. పెళ్లాం, పిల్లలు, కారు, అప్పు, అన్నీ మనింట్లోవే. బొమ్మ నిలకడగా ఉంటుంది, మొదలుపెట్టిన కథ అదే సినిమాలో ముగుస్తుంది. స్పైడర్-వర్స్‌లో ఎంతమంది సాలీడు మనుషులు వచ్చారో లెక్కపెట్టేలోపే ఇంకో పదిమంది దిగుతారు.

ఇంకోటి. మొన్న 'మహావతార్ నరసింహ'కి మా నాన్నమ్మని తీసుకెళ్లాను. స్తంభం పగిలేవరకు పమిట చెంగు నోట్లో పెట్టుకుని కూర్చుంది, పగిలాక దండం పెట్టుకుంది. ఏ టెక్నిక్ వాడారో ఆవిడకి అక్కర్లేదు.

ప్రెస్సు బాబాయ్, విజయనగరం:

పలాస తమ్ముడూ, నీ మాట ప్రకారం మోషన్ ఆపాను. ఆ సెట్టింగ్ ఎక్కడుందో మా గుంటడికి కూడా దొరకలేదు, నాలుగు మెనూల లోపల దాచాడు మహానుభావుడు. ఆపి అడవి సీన్ పెడితే తేడా మా బావమరిదికి కూడా తెలిసింది. జారుడు పోయింది. పెద్దాయన నున్నగా, కుర్రాడు అదుర్లుగా, ఇద్దరూ ఎవరి పద్ధతిలో వాళ్లు. ఇంకోటి కూడా కనిపించింది. కుర్రాడు ఒక్కో భంగిమలో ఆగినప్పుడు ఆ భంగిమ ఒక్కోటీ పోస్టర్ వేసుకునేలా ఉంది. నున్నగా పోయేవాడి దగ్గర ఏ ఒక్కటీ కంటికి నిలవదు. ఆ లెక్కన పని రానివాడే ఎక్కువ అందంగా కనిపిస్తున్నాడు, అది మాత్రం నాకు నవ్వొచ్చింది.

ముంబట్టన్ వదిలేశానన్నావు, వదల్లేదు. రంగులు నాకు తెలిసినవే. పాత కామిక్ పుస్తకం చవక కాగితం మీద వేస్తారు, ఇంకు పీల్చేసుకుంటుంది, అందుకే పసుపూ నారింజా గట్టిగా కొట్టాలి, లేకపోతే చప్పబడిపోతుంది. ఆ గట్టిదనం అక్కడ ఉంది. కాకపోతే కాసేపు నిలబెట్టి చూపించరే! బ్రిడ్జీలు, బస్సులు, జనం, ఊగడం, దూకడం. మంచి పోస్టర్‌ని బస్సు కిటికీలోంచి చూసినట్టయింది.

రెండోదాంట్లో నన్ను కట్టిపడేసింది గిటార్ పట్టుకున్న ఇంకో స్పైడర్‌మ్యాన్, హోబీ. వాడు పేపర్ కటింగులు అతికించి చేసిన మనిషి. అంచులు కత్తెరతో కోసినట్టుంటాయి, వాడి చుట్టూ కాగితం రంగు మారుతూ ఉంటుంది, నలుపు ఒకచోట దట్టం, ఒకచోట వెలిసిపోయి. అది ఆఫ్‌సెట్ కాదు, జిరాక్స్. జిరాక్స్ తీసినదాన్ని మళ్లీ జిరాక్స్ తీస్తే నలుపు అలా పగులుతుంది. కుర్రాళ్లు చేతిలో డబ్బుల్లేక కరపత్రాలు వేసుకునే పద్ధతి. నేను పని నేర్చుకునే రోజుల్లో స్టూడెంట్ యూనియన్ వాళ్లు రాత్రిపూట వచ్చి అలాంటివే పట్టుకుపోయేవాళ్లు, డబ్బులు తరవాత ఇస్తామని. ఇవ్వలేదు.

టీచరు గారూ, తండ్రీ కూతుళ్ల సీను మీరు చెప్పాక మళ్లీ చూశాను. బావుంది. కానీ మొదటి సినిమాలో తలుపు సీను దాన్ని మించిందంటాను. మైల్స్‌ని హాస్టల్ గదిలో కుర్చీకి కట్టేసి, నోరు మూసేసి పోతారు. తలుపు అవతల తండ్రి. కొడుకు కోపంతో పలకడం లేదనుకుని, తలుపుకే మాట్లాడతాడు. తోడబుట్టినవాడు పోయిన మనిషి, యూనిఫాంలో ఉన్నాడు, మాటలు రావడం లేదు. ఇవతల కొడుకు అన్నీ వింటున్నాడు, పలకలేడు. తెర మధ్యలో తలుపు, చెరోపక్క ఇద్దరూ. అక్కడ నేను చుక్కలు చూడ్డం మానేశాను. నేను మా గుంటడి వైపు చూశాను, వాడు సెల్ తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఎత్తు బ్రిడ్జి అబ్బాయ్, మీ నాన్నమ్మకి టెక్నిక్ అక్కర్లేదన్నావు. నిజమే, శుభలేఖ చదివేవాడికి ప్లేటు సంగతి అక్కర్లేదు. కానీ వేసినవాడికి కావాలి కదా.

నాగావళి ఒడ్డు, శ్రీకాకుళం:

తలుపు సీను ఒప్పుకుంటాను అన్నయ్య గారూ. నన్ను ఇంకో విషయం తొలుస్తోంది, మీరు ఎవరూ ఎత్తలేదు. రెండో భాగంలో వేర్వేరు లోకాల స్పైడర్‌మ్యాన్‌లకి నాయకుడైన మిగెల్ చెప్పేది మనకి చిన్నప్పటి నుంచీ తెలిసిన మాటే కదా, రాసిపెట్టి ఉంది, జరగాల్సిందే అని. ప్రతి స్పైడర్‌మ్యాన్ జీవితంలో ఒక పోలీసు కెప్టెన్ చనిపోవాలి. అలా జరగకపోతే ఆ లోకమే కూలిపోతుందట. ముంబట్టన్‌లో మైల్స్ ఇన్‌స్పెక్టర్ సింగ్‌ని కాపాడితే అది తప్పు పని అయిపోయింది. ఇక తన తండ్రే కెప్టెన్ కాబోతున్నాడు. చూస్తూ ఊరుకో అంటారు. వాడు ఊరుకోనంటాడు.

మా అమ్మాయి వాడి పక్షం. నేను హాల్లో మిగెల్ పక్షం, ఎందుకంటే ఆయన తను ఒక లోకం కూలిపోవడం కళ్లారా చూశాడు. ఇంటికొచ్చేదాకా బస్సులో వాదించుకున్నాం. ఆర్నెల్ల తరవాత అంతసేపు మాట్లాడింది అప్పుడే.

పలాస కుర్రోడు:

టీచరు గారూ, అందుకే అది సూపర్ సినిమా అంటాను. మిగెల్ విలన్ కాదు. అసలు విలన్ స్పాట్, మొదట్లో ఏటీఎం కూడా సరిగా దోచలేని జోకర్. ఒంటినిండా సిరా మరకల్లాంటి కన్నాలు. వాడిని చూసి అందరూ నవ్వుతారు, ఆ నవ్వే వాడికి మండుతుంది. పోనుపోను గీతలు పెరిగి, చెరిపేసిన స్కెచ్‌లా భయంకరంగా తయారవుతాడు. బాబాయ్, వాడిని గురించి మీరేమీ అనలేదు?

ప్రెస్సు బాబాయ్, విజయనగరం:

వాడా? ప్లేటు సరిగా తుడవకపోతే వచ్చే మరక. తెల్లకాగితం మీద ఒక్క చుక్కతో మొదలవుతుంది, పోనీలే అని వదిలేస్తే వెయ్యి కాపీలు పోతాయి. వాడిని చూస్తుంటే గుడ్డ పట్టుకుని లేవాలనిపించింది.

టీచరు గారూ, రాసిపెట్టి ఉందన్న మాట మా ఇంట్లోనూ నడుస్తోంది. ఈ ప్రెస్సు మా నాన్నది, తరవాత నాది, తరవాత వీడిదే అని మా అమ్మ అందరికీ చెప్పేస్తుంటుంది. వాడేమో బొమ్మలు వేసే కోర్సు చదువుతానంటున్నాడు. మొన్న సినిమా అయ్యాక ఇదే అడిగాడు, నేను పడుకో అన్నాను. పలాస తమ్ముడూ, ఆ చదువుకి ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకోవాలి, హైదరాబాద్‌లో ఫీజులు ఎలా ఉంటాయి, నువ్వు చేరిన కొత్తలో జీతం ఇంటద్దెకి సరిపోయిందా, అవి కాస్త రాయి. మూడో భాగం వచ్చేసరికి వాడు పదో తరగతిలో ఉంటాడు, ఈలోగా తేల్చాలి. రేపు ఉదయం వెయ్యి శుభలేఖలు డెలివరీ ఉంది, రెండో రంగు ఇంకా ఆరలేదు, మధ్యాహ్నం చూస్తాను.